ఏ గుమ్మంలో వద్దన్నారు?

కిందటి వారం సింధూరిని మనం మైత్రీ మందిరం మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. వారమంతా ఎండలో నిలబెట్టామని మీలో కొందరు నన్ను తిట్టుకునే ఉంటారు. కానీ కథలో గడిచింది ఒక్క క్షణమే. లోపల కడవ పండుగ మొదలవబోతోంది. ఈ ఏడు కడవలో నీళ్ళు ముంచి అందరికీ ఇవ్వాల్సింది సింధూరే. సరిగ్గా అప్పుడే, ఊరినుంచి బస్సులో వచ్చి, వన్ టౌన్ సందు మొదట్లో ఆటో దిగిన వాళ్ళమ్మ వెంకటరత్నమ్మ, కూతుర్ని పలకరించకుండానే పక్కనుంచి మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ పదకొండేళ్ళుగా సింధూరి చేతి మంచినీళ్ళు ముట్టలేదు. పండుగ నాడు మందిరంలో అడుగు పెట్టినవాళ్ళెవరైనా ఆ నీళ్ళు తాగి తీరాలి. మరి తాగడానికి వచ్చిందా, తాగనని పదిమందిలో చెప్పడానికి వచ్చిందా? సింధూరిని మెట్ల మీదే ఆపేసింది ఆ ప్రశ్నే.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం ఈ కడవ సంగతి కాస్త చెప్పాలి. పాతవాళ్ళు ఓపిక పట్టండి, తెలిసిన కథ మళ్ళీ వింటే పోయేదేం లేదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఒక బడిపంతులూ, బట్టలకి రంగులద్దే పీరు అనే ఆయనా కలిసి ఈ మందిరం పెట్టారు. ఇక్కడ పూజారి లేడు, ముల్లా లేడు, పాస్టరు లేడు. ఒకరు శ్లోకం చదువుతారు, ఒకరు దువా చేస్తారు, ఒకరు స్తుతి పాడతారు, ఏదీ నమ్మనివాళ్ళు కళ్ళు తెరుచుకునే కూర్చుంటారు. ఎవరి పుట్టుకనీ ఎవరూ అడగకూడదన్నది ఇక్కడి మొదటి కట్టుబాటు. రెండోది కడవ. బ్యారేజీ దగ్గర కాలవలకి నీళ్ళు వదిలాక వచ్చే మొదటి ఆదివారం, ఊరు ఎవరి చేతి నీళ్ళు వద్దంటుందో వాళ్ళ చేతి నీళ్ళే మందిరంలో అందరూ దోసిలి పట్టి తాగుతారు. అయితే ఊరికే తాగితే చాలదు. నీళ్ళిచ్చే మనిషి ముందు లేచి, ఏ గుమ్మంలో తన చేతి నీళ్ళు వద్దన్నారో, ఆ గుమ్మం ఎవరిదో పేరు పెట్టి చెప్పాలి. చెప్పాకే కడవ మీద గుడ్డ తీస్తారు.

మొదటి ఏడు వీధులూడ్చే శౌరమ్మ లేచి ఊళ్ళో పెద్ద గుమ్మం ఒకటి పేరు చెప్పిందట. ఆ ఇంటాయన మర్నాడు కర్ర పట్టుకుని మందిరం మీదికి వచ్చాడు. కొన్నేళ్ళకి మళ్ళీ వచ్చాడు, ఈసారి కర్ర లేకుండా, దోసిలితో. అలాంటి రోజులవి. రానురాను మందిరానికి గచ్చు నేలా, ఫ్యాన్లూ, మైకూ వచ్చాయి గానీ ఆ దమ్ము మాత్రం పోయింది. గుమ్మం పేరు చెప్పడం మానేసి "సమాజంలో కొన్నిచోట్ల" అనడం మొదలుపెట్టారు. పోయినేడు నీళ్ళిచ్చిన ఒక రిటైర్డ్ ఆఫీసరు గారైతే, విమానంలో తనకి మంచినీళ్ళు ఆలస్యంగా ఇచ్చిన వైనం వర్ణించి కూర్చున్నారు. చప్పట్లు కూడా కొట్టారు, మర్యాదస్తులు కదా.

అలాంటి చోట ఈ ఏడు సింధూరి పేరు వచ్చింది. తెచ్చినవాడు మందిరం అధ్యక్షుడు దుర్గాప్రసాద్, వెంకటరత్నమ్మకి సొంత తమ్ముడు, సింధూరికి మేనమామ. పేరున్న ప్లీడరు. కులాలు కలవని జంటలకీ, మతాలు కలవని జంటలకీ ఈ హాల్లోనే దండలు మార్పించి, వెంటపడి వచ్చిన బంధువులకి గుమ్మంలో అడ్డం నిలబడ్డ మనిషి. ఆయన మంచితనానికి వంక పెట్టడం ఎవరి తరమూ కాదు.

ఇక సింధూరి. పుట్టింది కూచిపూడి పక్క ఊళ్ళో, రైతు ఇంట్లో, కొడుకుగా. ఆ పాత పేరు మందిరంలో ఎవరూ పలకరు, మనమూ పలకం. చిన్నప్పుడే నాట్యం నేర్పే గురువు గారు ఆ ఒద్దిక చూసి జడ అల్లించి, ఆడవేషం కట్టించారు. ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆడపిల్లలు కూడా ఇంత అందంగా నడవరమ్మా అని ముసలమ్మలు దిష్టి తీశారు. వేషం తీసేశాక తాను మళ్ళీ మగపిల్లాడి వేషంలోకి వెళుతున్నానని ఆ వయసులో ఎవరికి చెప్పగలదు? చెప్పగలిగే వయసొచ్చాక చెప్పింది. చెప్పాక ఊరు మిగల్లేదు. ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద పిల్లలకి డాన్సు నేర్పుతోంది. నాలుగేళ్ళ కిందట ఆ మేడ మెట్లెక్కి వచ్చి, చుట్టాలందరిలోకీ మొదటిసారిగా "సింధూరీ" అని పిలిచినవాడు ఈ మావయ్యే. ఆ పిలుపుకి ఆవిడ ఆ రోజు ఎంత ఏడ్చిందో క్లాసు పిల్లలకి తెలుసు. ఆ రుణం ఆవిడ మరిచిపోలేదు.

ఇప్పుడు ఆ మావయ్యే మెట్ల దగ్గరికి వచ్చి, ఒకసారి రమ్మని పక్క గదిలోకి తీసుకెళ్ళాడు. చాపలూ, పాత హార్మోనియం ఉండే గది అది. చాలాసేపు ఏర్పాట్ల గురించి మాట్లాడాడు. మైకు బాగుందన్నాడు, జనం బాగా వచ్చారన్నాడు, ఆమె స్నేహితులు ముందు వరసలోనే కూర్చున్నారని, అది తనకెంతో సంతోషంగా ఉందని చెప్పాడు. అసలు మాట మాత్రం ఎత్తడం లేదు. పెద్దాయన, తనే చెబుతాడని సింధూరి అనుకుంది.

చివరికి చెప్పాడు. గుమ్మం పేరు మాత్రం చెప్పొద్దన్నాడు. అక్కయ్య వస్తుందని తను అనుకోలేదని, ఈ వయసులో పదిమందిలో ఆవిడ తలవంచుకుంటే తను చూడలేనని అన్నాడు.

"నువ్వు కళాకారిణివి కదమ్మా. కళాకారుల్ని సమాజం చిన్నచూపు చూస్తుందని ఒక్క మాట చెప్పు, చాలు. అబద్ధమూ కాదు, ఎవర్నీ నొప్పించినట్టూ కాదు. ఎవరి పుట్టుకనీ అడక్కూడదన్నది మన మందిరం పద్ధతి. అడగనిదాన్ని లేచి చెప్పుకోవడం దేనికి?"

ఆ మాటలో ఉన్న మెత్తదనం సింధూరికి తెలుసు. ఇన్నాళ్ళూ ఈ మందిరంలో తననెవరూ ఏమీ అడగలేదు. ఎక్కడుండేదానివి, ఎవరు తిండి పెట్టారు, ఎవరు తరిమారు, ఒక్కరూ అడగలేదు. మొదట్లో అది ఎంతో హాయిగా అనిపించింది. తర్వాత తర్వాత, అడగకపోవడం ఒక్కోసారి వినాల్సిన పని తప్పించుకోవడం కూడానేమో అనిపించడం మొదలైంది. మంచివాళ్ళే. కానీ మంచివాళ్ళు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేటప్పుడు ఎదుట ఎవరున్నారో కనపడదు కదా.

"కళాకారిణిని ఎవరు చిన్నచూపు చూశారు మావయ్యా? ఆడవేషం కట్టినన్నాళ్ళూ ఊరంతా చప్పట్లు కొట్టింది. మగవేషం తీసేసిన రోజునే తలుపేశారు. నేను చెప్పాలనుకున్నది అదొక్కటే."

దుర్గాప్రసాద్ ముఖం తుడుచుకున్నాడు. గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది గానీ ఆయనకి చెమట ఆగడం లేదు. అక్క మీద ఇంత ప్రేమ ఉన్న మనిషిని చూసి సింధూరికి జాలేసింది, తనమీద తనకి కోపమూ వచ్చింది. ఈయన లేకపోతే తనకి ఈ మెట్లు ఎక్కే దారే లేదు. అడిగినది చిన్న సాయం. ఎందుకు చెయ్యలేకపోతోంది?

అప్పుడే ఆమినాబీ లోపలికి వచ్చింది. పీరు గారి మనవరాలు. కడవ ఆవిడ అధీనంలోనే ఉంటుంది. కాలవ నీళ్ళు తెప్పించి, వడకట్టి, కాచి, చల్లార్చి, కడవలో పోసే పని ఆవిడదే. పూర్వం కాలవ నీళ్ళు అలాగే తాగేవాళ్ళట, ఇప్పుడు అలా తాగితే సమానత్వం సంగతి దేవుడెరుగు, ఆస్పత్రి ఖాయం. ప్రతి ఏడూ కడవ మీద కప్పే గుడ్డకి రంగు అద్దేది కూడా ఆవిడే. ఈ ఏడు మందిరం కుర్రకారు అడిగారని హరివిల్లు రంగులన్నీ వరసగా అద్ది తెచ్చింది. ఆ గుడ్డ భుజాన వేసుకుని ఇద్దరి ముఖాలూ చూసింది. వాళ్ళ మాటలు బయటికి వినపడ్డాయని వేరే చెప్పనక్కర్లేదు.

"దుర్గాప్రసాద్ గారూ, ఇన్నేళ్ళూ పేరు చెప్పకపోయినా గుడ్డ తీశానండీ. పెద్దవాళ్ళు చేసుకుంటున్నారు, మనకెందుకులే అనుకున్నాను. పోయినేడు ఆ విమానం కథ విన్నాక మా తాత ముఖం గుర్తొచ్చి రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. ఈ ఏడు గుమ్మం పేరు వినపడితేనే గుడ్డ తీస్తాను. లేకపోతే కడవ అలాగే ఉంటుంది."

కోపంగా అనలేదు. కూర ఉడికిందా లేదా చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది. దుర్గాప్రసాద్ మేనకోడలి వైపు చూసి ఏదో అనబోయాడు. ఈలోగా హాల్లో మొదటి ప్రార్థన మొదలైంది.

హాలు నిండిపోయి ఉంది. గుమ్మానికి రంగురంగుల గుడ్డముక్కలు కట్టారు. వన్ టౌన్ బట్టల కొట్లవాళ్ళు తలా ఒక ముక్క ఇచ్చారు. ముందు వరసలో సింధూరి స్నేహితులు కూర్చున్నారు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర కార్లవాళ్ళు అద్దం ఎత్తేసుకునేది వీళ్ళని చూసే. ఇవాళ పట్టుచీరలు కట్టి, తలనిండా పూలు పెట్టి, పెళ్ళివారిలా ఉన్నారు. వాళ్ళలో కొందరికి జీవితంలో ఇదే మొదటిసారి, ఒక ప్రార్థన స్థలంలో చివర నిలబడకుండా ముందు కూర్చోవడం. ఆ ఆనందం దాచుకోవడం వాళ్ళకి చేతకావడం లేదు. హాలుకి కూడా దాన్ని దాచాలని లేదు.

వెంకటరత్నమ్మ వాళ్ళ పక్కనే కూర్చుని ఉంది. కావాలని కూర్చుందో, చోటు అక్కడే దొరికిందో. నేత చీర, చేతిలో చిన్న సంచి. చెమటలు పడుతుంటే ఒకామె విసనకర్ర ఇచ్చింది. ఆవిడ తీసుకుంది, కొంచెం జరిగి ఇంకొకరికి చోటిచ్చింది. అది చూసి సింధూరికి మనసు ఎటూ నిలబడలేదు. అమ్మ మీద పదకొండేళ్ళ కోపం ఉంది. ఆ కోపాన్ని జాగ్రత్తగా పెంచుకుంది కూడా, ఎందుకంటే కోపం తీసేస్తే మిగిలేది బెంగ ఒక్కటే.

శ్లోకం అయింది, దువా అయింది, పాట అయింది. దుర్గాప్రసాద్ లేచి సింధూరిని ప్రముఖ నాట్యాచార్యురాలు అని పరిచయం చేశాడు. ఇంకేమీ చెప్పలేదు. సింధూరి కడవ పక్కకి వచ్చి నిలబడింది. కడవ అవతల ఆమినాబీ, చెయ్యి గుడ్డ మీద ఆనించి కూర్చుంది.

మెల్లగా మొదలుపెట్టింది. నాన్న పోయాడని కబురు తెలిసి మొదటిసారి చీరలో ఊరికి వెళ్ళానని చెప్పింది. వాకిట్లో మగవాళ్ళు కూర్చున్నారు, ఎవరూ ఏమీ అనలేదు, అందరూ దూరం జరిగారు. లోపల అమ్మ గోడకి చేరగిలబడి ఉంది. పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదని ఎవరో అనుకుంటుంటే విని, తను వసారాలో బిందెలోంచి గ్లాసు ముంచుకుని లోపలికి వెళ్ళబోయింది.

"గుమ్మం దాకా వెళ్ళాను. తలుపు నా ముఖం మీద మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినపడింది. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. తర్వాత ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకి పోసి వచ్చేశాను. మా నాన్న ముఖం చూళ్ళేదు."

ముందు వరసలో ఒకరిద్దరు కళ్ళు ఒత్తుకున్నారు. వాళ్ళలో ప్రతి ఒక్కరికీ అలాంటి తలుపు ఒకటుంది.

ఇక పేరు చెప్పాలి. రాత్రంతా ఆ వాక్యం తనలో తను అనుకుంటూనే ఉంది. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే అమ్మ తల పైకెత్తి చూసింది. సింధూరికి ఆ ముఖంలో కనిపించింది భయం కాదు, కోపం కాదు. చెప్పు, చెప్పెయ్యి అన్నట్టు చూస్తోంది. ఆ చూపు లేకపోతే చెప్పేసేదేమో. ఇంతమంది ముందు కన్నతల్లిని నిలబెట్టి పొందే గౌరవం తనకి వద్దనిపించింది. మావయ్య మొహమాటం కోసం కాదు, మందిరం మర్యాద కోసం అంతకన్నా కాదు. ఆవిడ మీద ప్రేమ చావలేదు, అంతే.

"ఆమినాబీ గారూ, నన్ను క్షమించండి. ఆ గుమ్మం ఎవరిదో నాకు బాగా తెలుసు. కానీ చెప్పలేను. మీరు గుడ్డ తియ్యకండి. పద్ధతి పద్ధతే. ఈ ఏడు నీళ్ళు ఇంకొకరి చేత ఇప్పించండి."

చేతులు జోడించి వెనక్కి తిరిగింది. అధ్యక్షుడి కుర్చీలో దుర్గాప్రసాద్ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాడు. మైకు దగ్గరగా ఉండడంతో అది హాలంతా వినపడింది.

"ఆగవే."

వెంకటరత్నమ్మ లేచి నిలబడింది. మోకాళ్ళ నొప్పులు, ఒక్కసారిగా లేవలేకపోతే పక్కనున్న సింధూరి స్నేహితురాలు చెయ్యి పట్టుకుని లేపింది. ఆ చెయ్యి వదలకుండానే ఆవిడ మాట్లాడింది.

"ఆ గుమ్మం మాదండీ. మా ఆయన పోయిన రోజు. పొద్దుట్నించీ గుక్కెడు నీళ్ళు లేక నాలుక పిడచగట్టుకుపోయి ఉంది నాకు. నా కూతురు గ్లాసు పట్టుకుని వస్తోంది, నేను చూస్తూనే ఉన్నాను. ఆ చీర దానికి ఎంత బాగా నప్పిందో కూడా చూశాను. అంతలో తలుపు మూసుకుంది, గడియ పడింది. పెట్టింది నేను కాదండీ. కానీ లేచి తియ్యలేదు. ఎవరు ఆపారు నన్ను? ఎవరూ ఆపలేదు. ఆ తప్పు నాదే. దాన్ని ఎన్నిసార్లు కలిసినా నీళ్ళు పుచ్చుకోలేకపోయింది అసహ్యంతో కాదు. ఆ రోజు తీసుకోనిదాన్ని ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని తీసుకోను?"

నా కూతురు అంది. సింధూరి ఆ తర్వాత మాటలు సగం వినలేదు. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, పదిమంది పిల్లలకి గురువు, కడవ పక్కన నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. ఆమినాబీ రంగుల గుడ్డ తీసి మడిచి ఒళ్ళో పెట్టుకుని, చెంబు సింధూరి చేతికి ఇచ్చింది.

వెంకటరత్నమ్మ నడిచి వచ్చి దోసిలి పట్టింది. సింధూరికి కన్నీళ్ళలో దోసిలి సరిగ్గా కనపడక సగం నీళ్ళు నేల మీద పోయాయి. మిగిలిన సగం ఆవిడ తాగింది. తాగి, తడి చేతులు దించకుండా, "ఇంకాస్త పొయ్యవే, దాహం తీరలేదు" అంది. ముందు వరస మొత్తం ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. వాళ్ళ చప్పట్లు మర్యాదస్తుల చప్పట్లలా ఉండవు, పైకప్పు అదిరిపోతుంది. వెనక వరసల్లో పెద్దమనుషులు కూడా ఒకరిని చూసి ఒకరు అలాగే కొట్టారు. మందిరానికి చాలా ఏళ్ళ తర్వాత పండుగ వచ్చింది.

రెండో దోసిలి అధ్యక్షుడిది. అది ఆనవాయితీ. దుర్గాప్రసాద్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. అక్క పక్కకి తప్పుకుంటుందని కాసేపు చూశాడు. ఆవిడ తప్పుకోలేదు. ఆయన అక్కడే వంగి చేతులు చాపాడు.

"కాసేపాగరా తమ్ముడూ," అంది వెంకటరత్నమ్మ. గొంతు పెంచలేదు, మైకు పక్కనే ఉందని ఆవిడకి తెలుసో తెలీదో. "గుమ్మం పేరు నేను చెప్పాను. గడియ పెట్టిన చెయ్యి ఎవరిదో నువ్వు చెప్పు. చెప్పి తాగు."

చప్పట్లు ఆగిపోయాయి. ఆమినాబీ ఒళ్ళో గుడ్డ మీద చెయ్యి బిగుసుకుంది. సింధూరి మావయ్య ముఖం చూసింది. చుట్టాల్లో మొదటగా తన పేరు పెట్టి పిలిచిన నోరు అది. పక్క గదిలో ఆ చెమట ఎవరి కోసమో ఇప్పుడు అర్థమైంది.

దుర్గాప్రసాద్ నోరు తెరవలేదు. దోసిలీ దించలేదు. అలాగే వంగి, తల ఎత్తకుండా, మేనకోడలి ముందు చేతులు చాపి నిలబడ్డాడు. హాలంతా ఇప్పుడు ఆయన్ని చూడడం లేదు, సింధూరిని చూస్తోంది. చెంబు నిండా నీళ్ళున్నాయి. అడిగినవాళ్ళకి పొయ్యాలన్నది మందిరం పద్ధతి. ఒక మనిషికి నీళ్ళు లేవని చెప్పగల అధికారం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆవిడ చేతికి వచ్చింది.